జీడితోటలో ఇల్లు, చెరువు గట్టు మీద సిగ్నల్

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక పల్లె. విశాఖలో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్టు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. నాన్న హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు, ఇంటి దగ్గర చూసుకోడానికి ఎవరూ లేరు. వచ్చే నెల నుంచి ఇంటి నుంచే పని చేస్తానంటే మా మేనేజర్ ఒప్పుకున్నారు గానీ, నెట్‌లో తేడా వస్తే వెంటనే ఆఫీసుకి వచ్చేయాలన్నారు. మాది తోటలో స్లాబు ఇల్లు, చుట్టూ జీడిచెట్లు, వెనక కొబ్బరి. నా జియో సిమ్‌కి ఇంట్లో మూడు గీతలు చూపిస్తుంది కానీ వీడియో కాల్ మధ్యలో ఆగిపోతుంది. చెరువు గట్టు మీదికి వెళ్తే మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. ఎయిర్‌టెల్‌కి మారిపోమని బావ అంటున్నాడు. బీఎస్ఎన్ఎల్‌కి 4జీ వచ్చేసింది, చవక, అదే తీసుకోమని బజార్లో షాపాయన అంటున్నాడు. నెలకి 700 దాకా పెట్టగలను. అమ్మ దగ్గర కీప్యాడ్ ఫోన్ ఉంది. ఏ నెట్ తీసుకోమంటారు?

సమాధానం:

చెల్లీ, ముందు ఒక్క మాట. నంబరు పోర్ట్ పెట్టకు. బావ చెప్పాడనో షాపాయన చెప్పాడనో కంగారులో చాలామంది ముందు చేసే పని అదే, తీరా మారాక కొత్త నెట్ కూడా ఇంట్లో అందకపోతే మళ్లీ మారడానికి 90 రోజులు ఆగాలి. నీకేమో వచ్చే నెలే ఉద్యోగం పరీక్ష. ఇంకా టైముంది, కొంచెం ఓపిక పట్టు.

నీ ఉత్తరంలో కంపెనీల పేర్ల కంటే నాకు పనికొచ్చింది ఆ చెరువు గట్టు సంగతి. గట్టు మీద బాగా వస్తోందంటే మీ ఊరికి టవర్ అందుతోంది, ఆ టవర్‌లో నెట్ కూడా ఉంది. గట్టుకీ మీ ఇంటికీ మధ్య ఎంత దూరం ఉంటుంది, ఓ రెండు మూడొందల గజాలు? ఆ కాస్త దూరంలో సిగ్నల్‌ని తినేస్తున్నది ముందు జీడితోట, తర్వాత మీ స్లాబు. అంటే నీ గొడవ సగం కంపెనీది కాదు, ఇంటిది. ఏ సిమ్ వేసినా ఆ తోట దాటే రావాలి కదా. అయితే గట్టు మీద ఏ వేళప్పుడు చూశావో రాయలేదు, పొద్దున పది గంటలకి చూసి ఉంటే మాత్రం అది లెక్కలోకి రాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

నేను గజపతినగరం నుంచి ఇచ్ఛాపురం దాకా టవర్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టులో కొన్నేళ్లు తిరిగినవాణ్ణి. జనరేటర్‌కి డీజిల్ పోయించడం, బ్యాటరీలు చూడడం, కంప్లెయింట్ వస్తే ఇంటికెళ్లి ఫోన్ పట్టుకుని గది గదీ తిరగడం, ఇదే పని. ఉద్దానంలో ఒక తోటింటికి మూడుసార్లు వెళ్లాను, ప్రతిసారీ టవర్ బాగానే ఉండేది, ఇంట్లో ఫోన్ పలికేది కాదు. ఆకుల్లో నీళ్లుంటాయి, ఆ నీళ్లే సిగ్నల్‌ని పీల్చేస్తాయి. జీడిచెట్టు కొబ్బరిలాగ నిలువునా పోదు, గొడుగులాగ కిందికి పరుచుకుంటుంది, పది చెట్లు వరసలో ఉంటే గోడే. వానపడి ఆకు తడిసిన రోజు ఇంకా ఘోరం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటంతా పడిపోయింది. టవర్లు మళ్లీ లేచాక వెళ్తే ఆ ఇంటి పెద్దాయన మంచం మీద కూర్చుని హైదరాబాద్‌లో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి, చెట్లు పోయాక నీ టవరొచ్చింది బాబూ అన్నాడు. ఏం చెప్పాలో నాకు తెలీలేదు, ఫోన్ చూసినట్టు నటించి వచ్చేశాను.

సరే. మూడు గీతలున్నా కాల్ ఎందుకు ఆగుతోందో చెప్తాను, అది తెలిస్తే ఏ కంపెనీ అన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

గీతలు నమ్మకు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు వెయ్యాలన్నది ఫోన్ తయారుచేసినవాడి ఇష్టం, ఒకే చోట ఒక ఫోన్ రెండు వేస్తే ఇంకోటి నాలుగు వేస్తుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది, పక్కన డీబీఎం అని ఉంటుంది. 4జీలో అది మైనస్ 85, 90 ఉంటే హాయి. మైనస్ 100 దగ్గర పని జరుగుతుంది. 110 దాటితే వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ వీడియో కాల్ దేవుడి దయ. 115, 120 అంటే ఫోన్ ఊపిరి బిగబట్టి టవర్‌ని వెతుక్కుంటోందని అర్థం, బ్యాటరీ కూడా అందుకే మధ్యాహ్నానికే అయిపోతుంది. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతున్నట్టు, తికమక పడకు.

రెండో సంగతి ఫ్రీక్వెన్సీ. జియో 4జీ మూడు రకాల తరంగాల మీద నడుస్తుంది, 850, 1800, 2300 మెగాహెర్ట్జ్. తక్కువ అంకె ఉన్నది దూరం పోతుంది, చెట్లు గోడలు దాటి లోపలికి వస్తుంది, కానీ దారి సన్నం, ఎక్కువమంది పట్టరు. ఎక్కువ అంకె ఉన్నది వెడల్పు రోడ్డు, స్పీడు దానిలోనే, కానీ తోట అడ్డొస్తే ఆగిపోతుంది. గట్టు మీద నీ ఫోన్‌కి ఆ వెడల్పు రోడ్డు దొరుకుతోంది. ఇంట్లోకి రాగానే సన్న దారిలో పడుతోంది, తోటల్లో ఇళ్లున్న వాళ్లందరూ అదే దారిలో తోసుకుంటున్నారు. అందుకే గీతలుంటాయి, నెట్ ఉండదు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఇక కంపెనీల సంగతి, ఎవరి పక్షమూ లేకుండా చెప్తాను.

ఎయిర్‌టెల్ కూడా ఇలాంటిదే, తక్కువ తరంగం వాళ్లకి 900, పైన 1800, 2100, 2300 ఉన్నాయి. బావ వాళ్లింట్లో బాగా వస్తోందంటే బావ వాళ్లింటి వైపు టవర్ ఉందని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. బావ ఇల్లు మీ ఇల్లు కాదు. ఎయిర్‌టెల్‌కి ఇంకా 2జీ కూడా నడుస్తోంది, అందుకని ఒక్కోచోట మాట బ్రహ్మాండంగా పలికి నెట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, జనం దీన్ని చూసి మోసపోతారు. కాల్ పలికింది కదా అని సిమ్ కొనకు, నెట్ చూసి కొను.

బీఎస్ఎన్ఎల్ గురించి షాపాయన చెప్పింది అబద్ధం కాదు. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి మన దేశంలోనే తయారుచేసిన 4జీ అది, 2025 సెప్టెంబర్ 27న ప్రధాని ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రారంభించారు, అది కూడా దేశం మొత్తం మీద 97,500కి పైగా టవర్లతో. అంతకుముందే 2022లో అసలు సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వాలని కేంద్రం ఒప్పుకున్న పథకం కూడా వీళ్లకే అప్పగించారు. కొండ దిగువ ఊళ్లలో, ఏజెన్సీ వైపు వెళ్తే ఒక్కోచోట ఇదొక్కటే దిక్కు. పైగా వీళ్ల 4జీలో 700 మెగాహెర్ట్జ్ ఉంది, అది తోటల్లోకి బాగా దూరుతుంది. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ 700 పట్టాలంటే ఫోన్‌లో బ్యాండ్ 28 ఉండాలి, కొన్ని ఫోన్లలో ఉండదు, మోడల్ పేరు కొట్టి స్పెసిఫికేషన్లలో 28 అంకె ఉందో లేదో చూసుకో. అది లేకపోతే షాపులో షాపాయన ఫోన్‌లో బాగా వచ్చేది నీ ఫోన్‌లో రాదు. రెండోది, సిమ్ పాతదైతే 4జీ సిమ్‌కి మార్చుకోవాలి. ఉద్యోగం మొత్తం ఒక్క దీని మీదే పెట్టమని మాత్రం నేను చెప్పను, రెండో సిమ్‌గా అయితే దీన్నే తీసుకోమంటాను, రీఛార్జి కూడా తక్కువలో పోతుంది.

వీఐ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వోడాఫోన్, ఐడియా 2018లో కలిశాయి, 2020లో ఆ పేరు పెట్టుకున్నాయి. నేను తిరిగిన పల్లెల్లో టౌను దాటగానే పలచబడిపోయేది. మీ ఊళ్లో ఎవరైనా వాడుతూ మెచ్చుకుంటుంటే చూడు, లేకపోతే వదిలెయ్.

5జీ అని ఫోన్‌లో కనిపిస్తే సంబరపడకు. ఎక్కువ స్పీడిచ్చే 5జీ 3500 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, జీడితోట దాకా ఎందుకు, మామిడికొమ్మ అడ్డొచ్చినా తగ్గుతుంది. జియోకి 700 మీద కూడా 5జీ ఉంది, అది కొంత నయం. ఇంట్లో ఫోన్ క్షణానికోసారి 5జీకి 4జీకి మధ్య గంతులేస్తుంటే కాల్ తెగిపోతుంది, అలాంటప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 4జీ అని పెట్టేసి చూడు, చాలామందికి దాంతోనే కుదురుతుంది. మీది ఒడిశా సరిహద్దు కూడా కాబట్టి ఒక్కోసారి ఫోన్ అటువైపు టవర్ పట్టుకుని ఒడిశాకి స్వాగతమని మెసేజ్ పంపిస్తుంది, పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్లకి ఇది మామూలే. రోమింగ్ డబ్బులు పోతాయని భయపడకు, ఇప్పటి ప్లాన్లలో దేశంలో ఎక్కడైనా ఒకటే.

ఇప్పుడు అసలు పని. ఈ శనివారం ఇంటికొచ్చినప్పుడు బావ దగ్గర ఎయిర్‌టెల్ సిమ్, ఎవరి దగ్గరైనా బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒక్క రోజుకి అడిగి తీసుకో. నీ ఫోన్‌లోనే వెయ్యి, వాళ్ల ఫోన్‌లో చూడకు. నువ్వు కూర్చుని పనిచేయబోయే చోటే, అదే కుర్చీలో కూర్చుని, ఒక్కో సిమ్‌కి ఆ డీబీఎం అంకె రాసుకో, స్పీడ్ టెస్ట్ పెట్టి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (అడిగినదానికి జవాబు తిరిగి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో) మూడూ రాసుకో. జనం డౌన్‌లోడ్ ఒక్కటే చూసుకుని మురిసిపోతారు, వీడియో కాల్‌లో అవతలివాళ్లకి నువ్వు కనిపించాలంటే కావాల్సింది అప్‌లోడ్. అది నిలకడగా రెండు మూడు ఎంబీపీఎస్ వస్తే నీకు చాలు. ఒకసారి ఇరవై వచ్చి ఇంకోసారి సున్నా పాయింట్ రెండు వచ్చేదానికంటే ఎప్పుడు చూసినా మూడు వచ్చేది వెయ్యి రెట్లు నయం. పింగ్ వంద లోపు ఉండాలి.

ఏ వేళప్పుడు చూస్తావన్నది అన్నిటికంటే ముఖ్యం. పొద్దున్న పొలాలకి, పనులకి పోయిన ఊళ్లో నెట్ ఎవరికైనా వస్తుంది. రాత్రి ఏడున్నర నుంచి పది దాకా ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది, రీల్స్, క్రికెట్, పారాదీప్‌లోనో చెన్నైలోనో ఉన్నవాళ్లతో వీడియో కాల్స్. టవర్ అదే, పంచుకునేవాళ్లు పదింతలు. నీ షిఫ్టు సరిగ్గా ఆ టైములోనే. కాబట్టి మధ్యాహ్నం మూడింటికోసారి, రాత్రి ఎనిమిదిన్నరకోసారి, పదింటికోసారి చూడు. ఎనిమిదిన్నరకి ఏది నిలబడితే అదే నీ సిమ్. గట్టు మీదా ఆ టైములో ఒకసారి చూడు, అక్కడ కూడా రాత్రికి పడిపోతుంటే మాత్రం ఆ టవరే నిండిపోయింది, ఇంట్లో ఏం చేసినా లాభం లేదు, ఇంకో కంపెనీ చూసుకోవాల్సిందే. పండగలకి కూడా ఇంతే, సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఊళ్లోకి దిగినప్పుడు నేను పనిచేసే రోజుల్లో ఫోన్ మోగుతూనే ఉండేది.

కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలని ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, నిబంధన తెచ్చింది, చూస్తే చూడు, ఊరు దాకా వాటితో తెలుస్తుంది, మీ జీడితోట సంగతి వాటికి తెలీదు. కేంద్రం వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్లు ఎక్కడున్నాయో కనిపిస్తాయి, అది నీకు ఇంకా పనికొస్తుంది. లేదా నేరుగా టవర్ కిందికే వెళ్లి తలెత్తి చూడు. పొడుగ్గా పెట్టెల్లాగ వేలాడుతున్నవి మీ ఫోన్లతో మాట్లాడే యాంటెనాలు, మామూలుగా మూడు దిక్కులకి తిప్పి ఉంటాయి. మీ ఇల్లు రెండింటి సందులో పడితే సిగ్నల్ కొంచెం తగ్గుతుంది. గుండ్రంగా డప్పుల్లాగ కనిపించేవి ఆ టవర్‌కి నెట్ తెచ్చే మైక్రోవేవ్ డిష్‌లు. నేను చూసినంతవరకు డిష్ మీద నడిచే టవర్ల కంటే ఫైబర్ వచ్చిన టవర్లే రాత్రిపూట నయం, ఫైబర్‌ని జేసీబీ తెంపనంతవరకు అనుకో.

అన్నట్టు, ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీలు అద్దెకుంటాయి. ఇది జనం చూసుకోరు. జియో ఒకటి, ఎయిర్‌టెల్ ఒకటి రెండు సిమ్‌లున్నాయి కదా అని ధైర్యంగా ఉంటారు, రెండూ ఒకే ఇనప స్తంభం మీద ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అయిపోగానే రెండూ కలిసే పోతాయి. రెండో సిమ్ వేరే టవర్ నుంచి వచ్చేలా చూసుకో. నేను చేసిన చోట, పేరెందుకులే, బ్యాటరీలు పాతవైపోయి నాలుగు గంటలు రావాల్సింది గంట వచ్చేవి, కొత్తవి పంపమని రాస్తే ఆరు నెలల తర్వాత నా మీదే ఎంక్వయిరీ వేశారు, బ్యాటరీలు అమ్ముకున్నానని. ఆ ఉద్యోగం అక్కడితో సరి.

ఇంటి సంగతికొస్తే, డబ్బు పెట్టకుండా మొదట చేసేది ఒకటుంది. పాత స్మార్ట్‌ఫోన్ ఏదైనా ఉంటే అందులో సిమ్ వేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఛార్జర్‌తో సహా మేడ మీది గదిలోనో మెట్ల పైన కప్పు కిందో పెట్టు, గట్టు వైపు తిరిగి ఉన్న కిటికీ దగ్గరైతే మంచిది. కింద నుంచి ల్యాప్‌టాప్‌కి వైఫై తీసుకో. పది అడుగులు పైకి వెళ్తే జీడిచెట్టు గొడుగు కిందికి దిగిపోతుంది, అంకె మైనస్ 112 నుంచి 98కి వచ్చిన ఇళ్లు నేను చూశాను. నువ్వు మేడ మీద నాలుగు మూలలా ఫోన్ పట్టుకుని తిరిగి ఏ మూల అంకె బాగుందో చూడు, రెండు అడుగులకే మారిపోతుంది. ఎండలో మాత్రం పెట్టకు, ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది. ఇది పనిచేస్తే అప్పుడు సిమ్ వేసుకునే 4జీ రౌటర్ ఒకటి కొని అదే మూలలో పెట్టుకోవచ్చు, బయట యాంటెనా తగిలించుకునే రకమైతే ఇంకా మంచిది. ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్ అని అమ్ముతారు, కొనకు. అనుమతి లేకుండా అవి పెట్టడం చట్టవిరుద్ధం, పైగా మీ ఇంట్లో అది మొదలెడితే చుట్టుపక్కల అందరి ఫోన్లలో సిగ్నల్ పాడవుతుంది, కంప్లెయింట్ వచ్చి వెతుక్కుంటూ వెళ్తే ఎవరింట్లోనో అటక మీద దొరికేది మాకు.

ఇంతా చెప్పి ఇప్పుడిది చెప్తే తిడతావేమో, కానీ నీలాంటి తొమ్మిది గంటల షిఫ్టుకి సిమ్ నెట్‌ని మొదటి దారిగా పెట్టుకోకు. ఊళ్లో కేబుల్ టీవీ ఆయన్ని అడుగు, ఫైబర్ మీ వీధి దాకా వచ్చిందా అని. ఏపీ ఫైబర్‌నెట్ వైరు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లలోకి వచ్చింది, ఆ కనెక్షన్ ఇచ్చేదీ ఈ కేబుల్ ఆయనే. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలా పంచాయతీలకి వచ్చింది. మీది తోటిల్లు కాబట్టి ఆఖరి స్తంభం నుంచి మీ ఇంటికి వైరు ఎంత లాగాలో, ఆ ఖర్చు ఎవరిదో ముందే అడుగు, చాలాసార్లు పని ఆగిపోయేది అక్కడే. అడిగేటప్పుడు ఆయన్ని కాకుండా ఆయన కనెక్షన్ ఉన్న ఇద్దరు ముగ్గుర్ని కలువు, వైరు తెగితే ఎన్ని రోజులకి వచ్చి అతికించాడో అడుగు. రెండు రోజులంటే తీసుకో. ఫోన్ ఎత్తడు అంటే ఎంత చవకైనా వద్దు. ఫైబర్ ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకో, ఇంట్లో సిగ్నల్ లేకపోయినా మామూలు కాల్స్ వస్తాయి.

ఫైబర్ రాకపోతే ఎయిర్‌ఫైబర్ అడుగు, అంటే వైరు లేకుండా 5జీ మీద ఇంటికి వచ్చే నెట్, జియో, ఎయిర్‌టెల్ రెండూ ఇస్తున్నాయి, మేడ మీద పెట్టె బిగిస్తారు కాబట్టి తోట సంగతి కొంత తప్పుతుంది. అయితే మీ చోట వాళ్ల 5జీ అందాలి. బిగించే ముందు టెక్నీషియన్‌తో మేడ మీద టెస్ట్ చేయించు, అదీ సాయంత్రం రమ్మని, పగలు కాదు.

డబ్బు లెక్క. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ రేట్లు పెంచాయి, 28 రోజులకి రోజూ 1.5 జీబీ ఇచ్చే జియో ప్లాన్ అప్పుడు 239 నుంచి 299కి వెళ్లింది. రేట్లు మారుతూనే ఉంటాయి, రీఛార్జి చేసే రోజు యాప్‌లో చూసుకో. నీకు తెలియాల్సింది వేరే ఉంది. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు. 30 రోజుల ప్లాన్ ఒకటైనా ఉంచాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది, ఉంటుంది, అడిగితేనే చెప్తారు. రోజుకి 1.5 జీబీ నీకు చాలదు. వీడియో కాల్ గంటకి సుమారు ఒక జీబీ తింటుంది, రెండు మీటింగులు, పైన ఆఫీసు ఫైళ్లు, సాయంత్రానికే కోటా అయిపోయి స్పీడు 64 కేబీపీఎస్‌కి దిగిపోతుంది, అప్పటికి నీ షిఫ్టులో ఇంకా మూడు గంటలుంటుంది. అన్‌లిమిటెడ్ 5జీ ఇచ్చేది రోజుకి 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే, అది కూడా ఫోన్ 5జీ మీద ఉన్నప్పుడే, 4జీకి దిగితే కోటా కరుగుతుంది. నీ ఏడొందల్లో ఫైబర్‌కి నాలుగైదొందలు, మిగతాది వేరే టవర్ సిమ్‌కి, ఇలా విడగొట్టుకో.

తుపాను రోజుల సంగతి మీ ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రౌటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్ వెయ్యీ పదిహేనొందల్లో వస్తుంది, కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ నడుస్తుంది, అది కొనుక్కో. తుపాను వచ్చినప్పుడు ఈమధ్య ప్రభుత్వం కంపెనీల మధ్య రోమింగ్ తెరిపిస్తోంది, అంటే నీ కంపెనీ టవర్ పడిపోయినా పక్క కంపెనీ టవర్ మీద కాల్ వెళ్తుంది, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్‌గా కాకుండా చేత్తో ఎంచుకోవాల్సి రావచ్చు. ఆఫీసు పని దాంతో అవదు. అక్టోబర్, నవంబర్‌లో అలాంటి హెచ్చరిక వస్తే ముందురోజే మేనేజర్‌కి చెప్పి విశాఖలోనో పలాసలోనో ఏర్పాటు చూసుకో.

అమ్మ ఫోన్ గురించి. కీప్యాడ్ మామూలుది అయితే అందులో జియో పనిచెయ్యదు, జియోకి 2జీ లేదు. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ పనిచేస్తాయి. అమ్మకి నెట్ అక్కర్లేదు కాబట్టి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్ వెయ్యి, 2025 నుంచి అన్ని కంపెనీలూ ఇవ్వాల్సి వచ్చింది, యాప్‌లో వాయిస్ ఓన్లీ అని ఎక్కడో అడుగున పెడతారు. షాపాయన నెట్ ప్లానే వేస్తానంటాడు, వినకు.

ఇదంతా చూశాక కూడా మారాలనే అనిపిస్తే, పాత నంబరు మీద బ్యాంకులూ ఆధార్ ఓటీపీలూ ఉంటాయి కాబట్టి ముందు కొత్త కంపెనీ కొత్త సిమ్ ఒకటి తీసుకుని నెల రోజులు వాడు. నచ్చితే అప్పుడు పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, నీ పది అంకెల నంబరు పెట్టి 1900కి మెసేజ్ పంపు, వచ్చే కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. వెళ్లేటప్పుడు గొడుగు కింద టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్ల దగ్గర వేలిముద్ర వెయ్యకు, షాపులోనే చేయించు, మిషన్ మీద వేలు సరిగ్గా పడలేదంటూ రెండోసారి వేయించుకుని నీ పేరు మీద ఇంకో సిమ్ తీసేస్తారు. సంచార్ సాథీ సైట్‌లో నీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనిపిస్తాయి, ఒకసారి చూసుకో. ఏ కంపెనీ సిమ్ నుంచైనా కంప్లెయింట్‌కి 198, మాట్లాడాక డాకెట్ నంబరు, అంటే నీ కంప్లెయింట్‌కి ఇచ్చే నంబరు, అడిగి రాసిపెట్టుకో, అది లేకపోతే నువ్వు ఫోన్ చేశావన్న సాక్ష్యం ఉండదు.

శని, ఆదివారాల్లో రాసిన అంకెలు ఫోటో తీసి పంపు. ఏ మూల ఎంత, రాత్రి ఎనిమిదిన్నరకి ఎంత, గట్టు మీద ఎంత, అన్నీ ఉండాలి. అవి చూసి ఏ సిమ్, రౌటర్ ఎక్కడ పెట్టాలి అన్నది చెప్తాను, అవి లేకుండా చెప్తే నేనూ షాపాయనా ఒకటే.